నాలుగో మూల

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకం నేను. మాది భీమవరం, మా నాన్న చర్చి పాస్టరు. గాలి సోకిందని మా ఇంటికి తీసుకొచ్చినవాళ్ళకి ఆయన ప్రార్థన చేసేవారు. మా అమ్మ మాత్రం ముందు కడుపునిండా అన్నం పెట్టేది. సగం మందికి ఆ అన్నంతోనే తగ్గిపోయేది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, ఇప్పటికీ ఇలాంటివి నమ్మను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఎవరో చెప్పింది కాదు, నా కుడిపక్కనే జరిగింది.

అప్పట్లో సిడ్నీలో జియాలజీ మాస్టర్స్ చేస్తున్నాను. అక్కడే టూంగాబీ అనే పేటలో అద్దెకుండేదాన్ని. క్లాసులో తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ, వరంగల్ నుంచి వచ్చిన సురేశూ. వాడికి నోరు ఊరుకోదు. పొద్దస్తమానం ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూనే ఉండేవాడు.

దేశం మధ్యలో ఉన్న ఎడారికి ఫీల్డ్ ట్రిప్ పడింది. మిగతావాళ్ళు ముందే రోడ్డున వెళ్ళిపోయారు. పరీక్ష ఒకటి ఉండిపోవడంతో మేమిద్దరం, బెన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు, అద్దెకు మాట్లాడిన చిన్న విమానంలో బయలుదేరాం. పైలట్ పేరు గ్రెగ్. యాభై దాటిన మనిషి. ఎక్కగానే మాకు తలో పిప్పరమెంటు ఇచ్చాడు.

దారిలో ఇంజిన్ ఆగిపోయింది. గ్రెగ్ కంగారుపడలేదు. బెల్టులు బిగించుకుని తలలు వంచుకోమన్నాడు, అంతే. దిగామని అనడానికి లేదు, విమానం ముక్కు ఎర్ర ఇసుకలో కూరుకుపోయింది. మాకు దెబ్బలు తగిలాయి గానీ ఎముకలు విరగలేదు. గ్రెగ్ కుడికాలు మాత్రం నుజ్జయింది. అతన్ని బయటికి లాగిన కాసేపటికే విమానం అంటుకుంది. రేడియో పోయింది, సామాన్లు పోయాయి. బెన్ లాక్కొచ్చిన నీళ్ళ క్యాను, ఒక టార్పాలిన్ మిగిలాయి.

ఇలాంటప్పుడు విమానం దగ్గరే ఉండాలంటారు. కానీ చెట్టన్నది లేని ఆ ఎండలో, రక్తం కారుతున్న మనిషిని పెట్టుకుని ఎంతసేపుంటాం? ఇసుక దిబ్బ అవతల ఒక గాలిమర, దాని పక్కన పశువుల నీళ్ళ ట్యాంకు పైనుంచి కనిపించాయని గ్రెగ్ చెప్పాడు. తనను వదిలేసి వెళ్ళమని కూడా అన్నాడు. సురేశ్ తెలుగులో ఒక బూతుమాట అనేసి టార్పాలిన్ పరిచాడు. వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ కోసం రాళ్ళతో బాణం గుర్తు పెట్టి బయలుదేరాం.

టార్పాలిన్‌కి నాలుగు మూలలు, మోసేవాళ్ళం ముగ్గురం. తలవైపు రెండు మూలలూ పట్టుకుని బెన్, సురేశ్ ముందు నడిచారు. వెనక కాళ్ళవైపు నేనొక్కదాన్ని. రెండు మూలలూ కలిపి పట్టుకుంటే విరిగిన కాలు నలిగి గ్రెగ్ కేకలు పెట్టాడు. అందుకని విరిగిన కాలు వైపు మూల రెండు చేతులతో పట్టుకున్నాను. నా కుడిపక్క మూల వేలాడుతూ ఉండేది. అటువైపున్న రెండో కాలు ఇసుకలో ఈడ్చుకుపోయేది, మనిషంతా ఒక పక్కకి ఒరిగిపోయేవాడు. పది అడుగులకోసారి ఆగడం, సర్దడం. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే మోశాను.

దిబ్బ ఎక్కేసరికి గ్రెగ్ మూలగడం మానేశాడు. కిందికి దింపాం. బెన్ అతని మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసి, నాడి అందడం లేదని తల అడ్డంగా ఊపాడు. అప్పుడు సురేశ్ మోకాళ్ళ మీద కూర్చుని గ్రెగ్ చెవి దగ్గర నోరు పెట్టి, "గ్రెగ్!" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు.

వాడు చేస్తున్నదేమిటో నాకు అర్థమైపోయింది. దింపుడు కళ్ళం. పాడెను దారిలో దింపి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు చూడండి, అది. మా వీధి మలుపులోనే దింపేవాళ్ళు, చిన్నప్పుడు కిటికీలోంచి చూసేదాన్ని. నాకు ఒళ్ళు మండిపోయింది.

"శవానికి చేసేది బతికున్న మనిషికి చేస్తావా? బుద్ధుందా నీకు?"

"పిలిస్తె పోయేదేముందే! జర ఊకో."

నేను అరుస్తూనే ఉన్నాను. వాడి మూడో పిలుపు నాకు వినపడనేలేదు. గ్రెగ్ మాత్రం పెద్దగా ఊపిరి పీల్చి కళ్ళు తెరిచాడు.

మళ్ళీ ఎత్తుకుని దిబ్బ దిగుతున్నాం. కాసేపటికి గాని నేను గమనించలేదు, టార్పాలిన్ ఒరగడం లేదు. గ్రెగ్ రెండో కాలు ఇసుకకి తగలడం లేదు. బెన్ వెనక్కి వచ్చాడేమో అనుకున్నాను. బెన్, సురేశ్ ఇద్దరూ ముందే ఉన్నారు, వాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి. నా కుడిపక్క మూలను ఎవరో పట్టుకున్నారు. భయం వెయ్యలేదు, ఒట్టు. తల తిప్పి చూస్తే వదిలేస్తారేమో అనిపించి నేరుగా ముందుకే చూస్తూ నడిచాను. గాలిమర దాకా ఎక్కడా ఆగలేదు.

పొగ చూసి పశువుల ఫారం వాళ్ళు బండిలో వచ్చారు. గ్రెగ్ బతికాడు.

ఆస్పత్రికి చూడ్డానికి వెళ్తే గ్రెగ్ మొదట అడిగిన మాట, "మీ నాలుగో అతను రాలేదా?" ఎవరని అడిగాం. "నా కాళ్ళ దగ్గర పట్టుకున్న కుర్రాడు. నన్ను ఒక్కసారీ చూడలేదు. దారంతా ఇతన్నే చూస్తూ నడిచాడు" అని సురేశ్‌ని చూపించాడు. నొప్పికి, మందులకి అలా అనిపించి ఉంటుందన్నాడు బెన్. మరి బరువు తగ్గడం సంగతేమిటని అడిగితే, తనకీ తగ్గినట్టే అనిపించిందనీ, దిగుడు కదా, అందుకేమోననీ అన్నాడు. నేనూ అలాగే అనుకుందామని చూశాను. కానీ దిబ్బ దిగాక చదును నేలే ఎక్కువ నడిచాం.

సిడ్నీ వచ్చాక, ఒక సాయంత్రం మనవాళ్ళ హోటళ్ళుండే హారిస్ పార్క్‌లో టీ తాగుతుంటే సురేశే ఆ మాట ఎత్తాడు. వాడు ఇంటర్‌లో ఉండగా వాళ్ళన్న బండి యాక్సిడెంట్‌లో పోయాడట. దింపుడు కళ్ళం దగ్గర చెవిలో పిలిచింది వీడేనట.

"అప్పుడు పలకలే. మొన్న మూడోసారి నా నోట్ల గ్రెగ్ అని రాలే, జ్యోతీ. అన్నా అని వచ్చింది."

టీ చల్లారిపోయింది. వాడు గ్లాసు పక్కకి జరిపి నావైపు తిరిగాడు.

"నువ్వు పక్కన్నే ఉన్నవ్ గదా. మా అన్న మంచిగున్నడా?"

నేను తల తిప్పి చూడనేలేదని చెప్పాలి. ఇలాంటివి నమ్మనని కూడా చెప్పాలి.

"బాగున్నాడు" అన్నాను.

నేనన్నది అబద్ధమని ఈరోజుకీ గట్టిగా చెప్పలేను.