నైరోబీ దాకా గొలుసు ప్రార్థన

దుర్గ్ దగ్గర క్యాంప్ 2 బస్తీలోని తెలుగు క్రైస్తవ సంఘానికి ఒక నియమం ఉంది. సభ్యులెవరైనా దూరప్రయాణం కడితే, బండి కదిలినప్పటి నుంచి గమ్యం చేరేదాకా స్త్రీలు వంతులవారీగా ప్రార్థిస్తారు. ఆ గొలుసు మధ్యలో తెగరాదు. వంతులు వేసేది లూసీ. రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. టైంటేబుల్లో అచ్చయిన వేళను ఆమె ఏనాడూ శంకించలేదు.

ఈసారి ప్రయాణికుడు ఆమె భర్త సొలొమోను. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక కార్ఖానా ప్రెస్సు అతని కుడిచేతి రెండు వేళ్ళు మింగింది. ఎడమచేత్తో అన్నం కలపడం నేర్చుకుంటున్న మనిషిని చూపించి, ‘ఇతడు మా కార్మికుడే కాడు’ అన్నాడు కాంట్రాక్టరు. ఆ మాట అన్న నోటికి ఏ శిక్షాస్మృతిలోనూ సెక్షను లేదు. ఆరేళ్ళు పోరాడి, పరిహారం దయ కాదు, హక్కని తీర్పులో రాయించుకున్నాడు సొలొమోను. అటువంటి కార్మికుల సభలో మాట్లాడమని ఇప్పుడు నైరోబీ పిలిచింది.

విమానం ముంబైలో ఉదయం ఎనిమిదికి లేచి, పదకొండున్నరకు నైరోబీలో దిగుతుందని టికెట్టు మీద ఉంది. లూసీ ఏడుగురికి అరగంట చొప్పున పంచింది.

“నాలుగున్నర వేల కిలోమీటర్లు, మూడున్నర గంటలు! మన వైజాగు బండి రాత్రంతా ఏటి చేస్తాదో!” అని వీధంతా చెప్పుకుని మురిసింది.

పదకొండున్నరకు చివరి వంతు లిల్లీ ఆమెన్ అనబోయి, ఫోను వచ్చేదాకా అని ప్రార్థన సాగించింది. ఫోను మోగలేదు. పన్నెండు దాటింది. సొలొమోను ఫోను స్విచాఫ్. లూసీ ఏడుగురినీ కేకేసింది.

“దిగీగానే చేస్తానన్నాడే... గొలుసు వదలకండర్రా! మళ్ళీ మొదట్నుంచి అందుకోండి!”

ఏడుగురూ ఒక్కసారే మోకరించారు. ఆ గోలకు రిజర్వేషన్ కౌంటరు ఉద్యోగం నుంచి భోజనానికి ఇంటికొచ్చిన పక్కింటి రజనీకుమారి ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి సంగతి విన్నది.

“అరే అత్తా! గంటకి పన్నెండొందల కిలోమీటర్ల పైనా? అది విమానమా, తుపాకీ గుండా? అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. దిగే టైము అక్కడి లెక్కలో వేస్తారు.”

“ఊరికో గడియారమేటే? దుర్గ్ నుంచి వైజాగు దాకా ఒకటే కదా!”

“దేశం దాటితే మారుద్ది. మామ ఇంకా సముద్రం మీదే ఉన్నాడు. రెండింటికి దిగుతాడు.”

లూసీ కళ్ళు తుడుచుకుంది. మరుక్షణం ఆమె ముఖం వెలిగింది.

“అయితే గొలుసు తెగలేదన్నమాట!”

“తెగడమేటొదినా, డబుల్ డ్యూటీ నడుస్తంది,” అంది లిల్లీ.

ఇక కంజిర బయటికి వచ్చింది. అల్లం టీ మరిగింది. ప్రార్థన పాటగా మారి, గేటు దగ్గర ఆగిన కూరగాయల భయ్యా చేత కూడా తాళం వేయించింది.

రెండు దాటాక ఫోను మోగింది.

“దిగిపోనానే. ఏడుస్తన్నావేటి?”

“నవ్వుతన్నాను. ఏటెట్టారు తినడానికి?”

“ఉప్మా. ఉప్పు లేదు.”

లిల్లీ ఫోను లాక్కుంది. “అన్నా, మా మోకాళ్ళు అరిగిపోనాయి! అక్కడి కాఫీపొడి తేకపోతే తిరుగు ప్రయాణానికి ఒక్క ఆమెన్ కూడా చెప్పం!”