గుట్ట మీద పిట్టకు పెట్టిన రోజు

మా తమ్ముడు చనిపోయిన గుట్ట బుగ్గారం దాటాక రోడ్డు మీంచే కనిపిస్తుంది. పెద్దదేం కాదు. దాని మీద తర్వాత పాటలు కట్టారు. రాసినవాళ్లు అక్కడి మంచును నెత్తురుతో పోల్చారు. చిన్నప్పటి నుంచి పుస్తకాల మధ్య బతికినదాన్ని, అలాంటి పోలికలు ఎంత సులభంగా వస్తాయో నాకు తెలుసు. మేం ఎక్కిన రోజు మంచు మంచులాగానే ఉంది. చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు చుట్టుకున్నాయి. మొన్న అవ్వ కూడా పోయింది. మా ఇంట్లో తల్లిని అవ్వ అనే పిలుస్తాం. ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలిగేదాన్ని ఇక నేనే కాబట్టి రాస్తున్నాను.

తమ్ముడు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఒక ఎండాకాలం ఇంటికి రావడం మానేశాడు. ఎక్కడున్నాడని ఊళ్లో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతులు ఎవరూ మాట్లాడని రోజులవి. మరుసటి చలికాలం ఆ గుట్ట మీద పోలీసులు వాణ్ని కాల్చి చంపారు. ఎదురుకాల్పులని పేపర్లో వచ్చింది. శవాన్ని ఊరికి తేనియ్యలేదు. జగిత్యాలలో వాళ్లే దహనం చేయించారు. కోరుట్లలోని అత్తగారింటి నుంచి నేను చేరేసరికి మంట ఆరిపోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. మా దిక్కు ఎవరు పోయినా ఇది తప్పదు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరంగా జరిగి నిలబడతాం. పిట్ట ముడితే ఆ మనిషి తృప్తి పడ్డట్టు. అది ముట్టేదాకా ఆ వంటలో ఒక్క మెతుకు కూడా ఎవరూ నోట్లో వేసుకోరు, ఉప్పు కూడా చూడరు. ముట్టాక మిగిలింది అందరూ తిని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోతారు.

ఎక్కడ పెట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది.

"శవాన్ని కాల్చిన కాడనే పెట్టాలె. జగిత్యాలకు పోదాం," అన్నాడు కులపెద్ద.

"ఆడ కాల్చింది వాళ్లు, నేను కాదు," అంది అవ్వ. "నా కొడుకు పానం గుట్ట మీద పోయింది. గుట్ట మీదనే పెడ్త."

"గుట్ట కింద పోలీసోళ్లున్నరు. మొగోళ్లను ఎక్కనిస్తరా?"

"మొగోళ్లను రమ్మని ఎవలన్నరు?"

అలా ఆడవాళ్లమే బయలుదేరాం. అవ్వ, నేను, మా మేనత్త, చిన్నమ్మ, వాడకట్టు ఆడవాళ్లు కొందరు. ఇంటికొక వంట తెచ్చారు. కోడికూర, పచ్చిపులుసు, సర్వపిండి, పెద్ద గంజు నిండా అన్నం. నేను కోరుట్ల నుంచి ఒక బీడీల కట్ట తెచ్చాను. వాడు అవ్వకు తెలియకుండా తాగేవాడు.

గిన్నెలను గంపల్లో పెట్టి, పైన గోనెసంచులు కప్పి, కొడవళ్లు వేసింది మేనత్త. "రేగువండ్లకు పోతున్నమని చెప్త. నువ్వు మాత్రం నోరు తెరవకు వదినె," అంది అవ్వతో.

గుట్ట మొదట్లో పోలీసుల డేరా ఉంది. ముందర మంట వేసుకుని చలి కాచుకుంటున్నారు. హెడ్డు కానిస్టేబులు లేచి వచ్చి ఎక్కడికని అడిగాడు.

"రేగువండ్లకు సారూ," అంది మేనత్త.

అతను ఒక గంప మీదికి వంగాడు. "రేగువండ్లు కోడికూర వాసనస్తున్నయేంది?"

వెనక ఒక కానిస్టేబులు నవ్వాడు. మేనత్త ఇంకో అబద్ధం వెతుక్కునేలోపే అవ్వ ముందుకు వచ్చింది.

"మొన్న ఈ గుట్ట మీద సచ్చినోడు నా కొడుకు. పిట్టకు పెట్టబోతున్నం."

నవ్వు ఆగిపోయింది. హెడ్డు గంపలన్నీ దించమన్నాడు. కట్టెపుల్లతో ఒక్కొక్క మూత లేపి చూశాడు. "ఒక్క పిట్టకు ఇంత కూడెందుకు? మందికి సరిపోతది. పైన ఎవలున్నరు?"

అతని అనుమానం అప్పుడు అర్థమైంది. అడవిలో ఉన్నవాళ్లకు అన్నం మోసుకుపోతున్నామనుకుంటున్నాడు.

"ఉన్నోన్ని మీరే లేకుంట చేస్తిరి గదా," అంది అవ్వ.

"అట్లయితే ఈడనే తినుండ్రి, నా ముంగట. ఉత్త గిన్నెలతోని ఎక్కుండ్రి."

మాలో ఎవరూ కదల్లేదు. ఒక్కరు ఒక్క ముద్ద తిన్నా అది ఎంగిలి. ఇక పిట్టకు పెట్టడానికి పనికిరాదు. తమ్ముడు ఇంటి నుంచి వెళ్లినప్పటి ఆకలితోనే ఉండిపోతాడు. హెడ్డు మాట కూడా మా దిక్కు మాటే, అతనికి ఈ సంగతి తెలియకుండా ఉండదు.

"జర సర్వపిండి ఒక్కటి తుంచుకుందాం వదినె. కూర అట్లనే ఉంటది," అని గొణిగింది మేనత్త.

"ఒక్క మెతుకు ముట్టం," అంది అవ్వ. హెడ్డు కళ్లలోకి చూస్తూ చెప్పింది. "నీకనుమానముంటే మా ఎంట రా. ఎవలు తింటరో నీ కండ్లతోనే చూడు."

కానిస్టేబుళ్లు అతని వైపు చూశారు. ముసలామె పిలిస్తే గుట్ట ఎక్కడానికి జంకాడన్న మాట వాళ్ల ముందు పడడం అతనికి ఇష్టం లేకపోయింది. టోపీ పెట్టుకుని, ఇద్దరిని వెంట రమ్మన్నాడు.

గంపలు నెత్తికెత్తుకుని ఎక్కాం. ఎండిన సీతాఫలం పొదల మధ్య సన్నటి దారి. బండలు మంచుకు తడిసి ఉన్నాయి. వాళ్ల బూట్లు జారుతున్నాయి. అవ్వ వట్టి కాళ్లతో అందరికన్నా ముందు నడిచింది. మేనత్త వెనక వస్తున్న కానిస్టేబులు మాటిమాటికీ తడబడుతున్నాడు.

"తుపాకి అటు పెట్టు బిడ్డా," అంది మేనత్త. "నువ్వు జారితే మళ్ల నాకు పెట్టెతందుకు ఈ గుట్టంత ఎక్కాలె వీళ్లు."

పైన చదునుగా ఉంది. గాలి చెవులను కోస్తోంది. అవ్వ ఆగి, హెడ్డును అడిగింది. "ఏడ?"

అతను ఒక పెద్ద బండ పక్కకు చెయ్యి చూపించాడు.

అవ్వ అక్కడ నేలను చేత్తో తుడిచి, మోదుగాకుల విస్తరి పరిచింది. అన్నం, కూర, పులుసు అన్నీ వడ్డించింది. నావైపు చూసి, "బీడీలు తెచ్చినవా?" అంది. నేను కొంగుముడి విప్పి కట్ట ఇచ్చాను.

దూరం జరిగి నిలబడ్డాం. ఏ పిట్టా రాలేదు. కా కా అని పిలిచాం. మా గొంతులే తిరిగి వినిపించాయి. చాలాసేపటికి చిన్నమ్మ అంది, "గుట్ట మీద కాకులుంటయా?"

కాకి ఇళ్లున్న చోట ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఇంటి గోడ మీద దాన్ని చూసినవాళ్లం, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

పిట్ట రాకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో ఉందని, మాట ఇవ్వాలని అంటారు. చిన్నమ్మ మాట ఇచ్చింది, మీ అవ్వను మంచిగ చూసుకుంటమని. నేనూ అదే అన్నాను. మేనత్త అవ్వను పొడిచింది. "నువ్వు గూడ మాటియ్యి వదినె."

"ఏం మాటియ్యాలె? వాడు చేసింది మంచో చెడో నాకెరుక లేదు. ఆకలితోని పోయిండు. కూడు తెచ్చిన. గంతే."

"ఇగ చాలు, దిగుండ్రి," అన్నాడు హెడ్డు.

"పిట్ట ముట్టిందాక దిగ."

పొద్దు వాలుతోంది. కానిస్టేబుళ్లు విస్తరి వైపు చూడడం మానేసి పొదల వైపు చూడసాగారు. చీకటి పడ్డాక ఆ గుట్టల మీద అంత కొద్దిమందిగా పోలీసులు ఉండేవారు కాదు. అవ్వ అది గమనించింది. కొంగు చెవుల మీదుగా చుట్టుకుని, బండకు ఆనుకుని కూర్చుంది. మేమూ ఆమె పక్కన కూర్చున్నాం.

"మాకైతే తొందర లేదు సారూ," అంది అవ్వ. "మీకుంటే పోండ్రి."

"మీకేమన్నయితే నాకు తెల్వదు మల్ల."

"అయ్యేది అయ్యింది గదా," అంది మేనత్త.

హెడ్డు ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత ముగ్గురూ దిగిపోయారు. బండల మీద బూట్ల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

ఆ తర్వాత ఎంతసేపటికో చెప్పలేను. పొదలోంచి ఒక పికిలిపిట్ట వచ్చి బండ మీద వాలింది. అటూ ఇటూ చూసి, విస్తరి అంచుకు దూకి, అన్నం మెతుకు ఒకటి ముక్కున పట్టుకుని ఎగిరిపోయింది.

"కాకి గాదు గదా వదినె?" అంది మేనత్త అనుమానంగా.

"నా కొడుకు తిన్నడు," అంది అవ్వ.

మిగిలింది అక్కడే కూర్చుని తిన్నాం. అన్నం గట్టిపడింది, కూర పేరుకుంది. అవ్వ కడుపునిండా తినడం ఆ మూడు రోజుల్లో అదే మొదలు.

దిగేసరికి డేరా ముందు మంట పెద్దది చేశారు. మమ్మల్ని చూసి హెడ్డు లేచాడు. అవ్వ గంప దించి, మిగిలిన అన్నం, కూర ఒక ఆకులో పెట్టి, మంట పక్కనున్న రాయి మీద ఉంచింది.

"పిట్ట ముట్టింది," అంది. "ఇగ మీరు గూడ తినొచ్చు."

గంపలెత్తుకుని ఊరి దారి పట్టాం. హెడ్డు తింటాడా, కాలితో తంతాడా చూడాలనిపించి నా మెడ అటు తిరగబోయింది. అవ్వ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎనుకకు సూడకు బిడ్డా. నడువు."