కోర్ పెట్టెలోని చెక్కముక్క

నా టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పట్టదు. బిర్సానగర్‌లో ఆటో ఎక్కి సాక్చిలో దిగేలోగా సాంబారు నా సంచిలోని కాగితాలన్నీ చదివేస్తుంది. మూడు డబ్బాలు మార్చాను. ఫలితం లేదు.

నా ఉద్యోగమూ మూతల గురించే. పొగగొట్టాల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడును పట్టి భూమి లోతుల్లో దాచవచ్చా అని రాళ్లను పరీక్షిస్తాను. కింద వాయువును పీల్చుకునే ఇసుకరాయి ఉండాలి, దాని మీద చీలికలు లేని రాతిపొర మూతలా ఉండాలి. ఆ మూత బాగుందని, రాయి ఇంకా పైకి రాకముందే, ఒక సమావేశంలో చెప్పేశాను. చప్పట్లు కూడా కొట్టారు.

తర్వాత బోరులోంచి తీసిన రాతి కడ్డీలు, అంటే కోర్, పెట్టెల్లో మా షెడ్డుకు వచ్చాయి. మూత పొర ఉన్న పెట్టెలో ఒక కడ్డీ రెండుగా విడిపోయి ఉంది. మధ్యలో గుర్తుగా పెట్టిన చెక్కముక్క. దాని మీద పెయింటుతో లోతు, పక్కన తెలుగు అక్షరాల్లో ‘పానీ గాయబ్’. పెట్టింది డ్రిల్లరు. శ్రీకాకుళం వైపు పెద్దాయన. పని నేర్చింది హిందీలో, రాయడం వచ్చింది తెలుగులో. బోరులోకి పంపిన నీళ్లు అక్కడ తిరిగి పైకి రాలేదని అర్థం. అంటే నీళ్లు తాగేసిన ఆ చీలిక రాతిలో ముందునుంచీ ఉన్నదే. అందరూ హిందీవాళ్లే ఉన్న ఆ షెడ్డులో తెలుగు చదవగలిగేది నేనొక్కడినే.

చెక్కముక్క తీసి సంచిలో వేసుకున్నాను. ‘డ్రిల్లరు అజాగ్రత్త వల్ల విరిగింది’ అని రాశాను. నా నివేదికల్లో ‘బహుశా’ లేని వాక్యం అదొక్కటే.

వారం తిరిగేసరికి కాంట్రాక్టరు ఆయన్ని యంత్రం మీంచి దింపి పైపులు మోసే పనిలో పెట్టాడు. ఆయన నా దగ్గరికి వచ్చాడు.

“సెక్క ఎట్టినాను బాబూ. నీల్లు పోనాయని రాసినాను. ఠేకేదారు నమ్మట్లేదు. మీరొక్క మాట సెప్పండి, మల్లీ మిసన్ ఎక్కుతాను.”

“దారిలో ఎక్కడో పడిపోయి ఉంటుంది,” అన్నాను.

“లారీవోడు కుదిపేసుంటాడు. అక్కడ మన తెలుగు బాబున్నారు, సదువుకుంటారు గదాని ధైర్నంగా రాసినాను,” అని నవ్వాడు.

అప్పుడే బల్ల మీది సంచి అడుగు నుంచి సాంబారు కారడం మొదలైంది. “అయ్యో, కాయితాలు!” అంటూ, నేను వద్దంటున్నా వినకుండా, మెడలోని గంఛా తువ్వాలు తీసి ఒక్కొక్కటీ బయటపెట్టాడు. డబ్బా. నివేదిక. చెక్కముక్క.

దాన్ని తుడిచాడు. అక్షరాలు చెరగలేదు, మంచి పెయింటు.

“సదివే తీసినారన్నమాట.”