చట్టాన్ని వెనకనుంచి చదివిన పిన్నిగారు

మా ఎదురు ఫ్లాటు పిన్నిగారు పోయారన్న కబురు నాకు మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. గోడ అవతల జరిగిన సంగతి ఫోనులో చదవాల్సి రావడం ఏమిటని మీరడగవచ్చు. ఆ పొద్దున నేను త్వరగా షాపుకి వెళ్లిపోయాను. ఆవిడ కాఫీ తాగి, పేపరు తీసుకుని కుర్చీలో కూర్చున్నారట. అలాగే కన్నుమూశారట. ఆవిడ చెల్లెలుగారు గ్రూపులో రెండు లైన్లు పెట్టారు. మా మూడో అంతస్తు పెద్దమనిషికి ఏ మెసేజీ వచ్చినా చదవకుండా కింద బొటనవేలు బొమ్మ పెట్టే అలవాటుంది. దీనికీ పెట్టేశాడు. అర నిమిషంలో నాలిక్కరుచుకుని అది తీసేసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటేనే నాకు నవ్వొచ్చింది. ఆవిడ చూసి ఉంటే నాకంటే గట్టిగా నవ్వేవారు. ఆ బొటనవేలితో ఆవిడకి పాత పేచీ ఉంది.

పిన్నిగారంటే నాకు చుట్టం కాదు. పటమటలో మా అపార్టుమెంటులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నిగారే. ప్రభుత్వ ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తర్వులను తెలుగులోకి మార్చే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలుగారూ ఆవిడా కలిసి ఉండేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. నేనేమో జిరాక్సు షాపువాణ్ణి. దానికి తోడు, వేరే ఎవరూ ఒప్పుకోకపోవడం వల్ల, మా అపార్టుమెంటు అసోసియేషనుకి సెక్రటరీని. అందుకని ఆవిడ నన్నెప్పుడూ పేరుతో పిలవలేదు. "ఏమయ్యా సెక్రటరీ" అనేవారు. అందులో గౌరవమెంతో వెక్కిరింపెంతో ఇన్నేళ్లలో నాకు తేలలేదు.

పేచీ సంగతి చెబుతాను. మేడ మీద బట్టలారేసుకునే తీగల దగ్గర రోజూ గొడవలు. విసుగెత్తి, ఒక సాయంత్రం నేనే ఒక తీర్మానం రాసి గ్రూపులో పెట్టాను. ఏ అంతస్తువాళ్లకి ఏ రోజో రాశాను. చివర, బరువుగా ఉంటుందని ఇంకో లైను కలిపాను. "ఇకపై కమిటీ ఎప్పటికప్పుడు తీసుకునే నిర్ణయాలకు అందరూ కట్టుబడి ఉండాలి." పది నిమిషాల్లో అందరూ బొటనవేళ్లు పెట్టేశారు. నా పరిపాలనా దక్షతకి నేనే మురిసిపోతూ అన్నానికి కూర్చున్నాను. తలుపు చప్పుడైంది.

"ఏమయ్యా సెక్రటరీ, ఆ చివరి లైను నువ్వే రాశావా, ఎవరైనా రాసిచ్చారా?"

"నేనేనండీ. బాగుందా పిన్నిగారూ?"

"చాలా బాగుంది. రేపు మా గుమ్మంలో ముగ్గు వెయ్యొద్దని కమిటీ అంటే మానెయ్యాలన్నమాట."

"అబ్బే, అట్లా ఎందుకంటామండీ?"

"నువ్వనవు. నీ తరవాత సెక్రటరీ ఎవరో నాకేం తెలుసు? ఆ లైను మాత్రం ఉంటుందిగా."

అన్నం చల్లారిపోయింది. తీర్మానం రద్దు చేసి, ఆదివారం మేడ మీద మీటింగు పెట్టాను. రెండు గంటలు అరుచుకున్నారు. ఒకావిడ అయిదేళ్ల కిందట పోయిన దిండుగలీబు సంగతి తీసింది. చివరికి తేలింది ఏమిటంటే, నేను మొదట రాసిన ఏర్పాటే. నాకు ఒళ్లు మండింది. మెట్లు దిగుతూ పిన్నిగారు మాత్రం హుషారుగా ఉన్నారు. "నిర్ణయం అదే. కానీ అప్పుడు నీది, ఇప్పుడు మనది" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. తరవాత తీగల దగ్గర ఒక్క గొడవా జరగకపోవడం చూశాకే ఎక్కింది.

ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. ఏ చట్టమైనా, ఉత్తర్వైనా, చివరికి కుక్కరు కొంటే ఇచ్చే గ్యారంటీ కాగితమైనా, ఆఖరి పేజీ నుంచి చదివేవారు. ముప్పై ఏళ్లు అవే కాగితాలు తెలుగు చేసిన మనిషి కదా. "మొదటి పేజీల్లో మనకి చెయ్యబోయే మేలు ఉంటుంది. ఎవరిచేతికి పగ్గాలిచ్చారన్నది చివర్లో ఉంటుంది. అక్కడికొచ్చేసరికి చదివేవాడికి నిద్రొస్తుంది" అనేవారు. నేను చాలాకాలం దీన్ని రిటైరైనవాళ్ల చాదస్తమే అనుకున్నాను.

ఆ చాదస్తం విలువ తెలిసింది కొత్త జలాల చట్టం వచ్చినప్పుడు. సముద్రపు ఒడ్డు నీళ్లు, పాయలు, సరస్సులు అన్నిటికీ కలిపి ఒకటే చట్టం. పార్లమెంటులో ఒక పక్క గోల, ఇంకో పక్క మూజువాణి ఓటు. టీవీలో ప్రకటనలు అయిపోయేలోపల బిల్లు పాసైపోయింది. ఎవరూ మాట్లాడింది లేదు, అడిగింది లేదు. తరవాత పేపర్లలో పెద్దలు వ్యాసాలు రాశారు, చర్చల్లో గొంతులు చించుకున్నారు. మా షాపు దగ్గర టీ తాగేవాళ్లకి దాంతో ఏమీ పని పడలేదు. నాకూ పడలేదు.

పని పడింది మా వీధికి చేపలు తెచ్చే ఆమెకి. దివిసీమ అవతల, సముద్రానికి దగ్గరగా పాయ ఒడ్డున వాళ్ల పల్లె. వారానికి రెండు రోజులు తెల్లవారుజామునే బయల్దేరి ఐసుపెట్టెలతో వస్తుంది. పిన్నిగారు చేప ముట్టరు. అయినా ఆమె మా అపార్టుమెంటుకి వచ్చిందంటే ముందు పిన్నిగారి గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు తాగి, కబుర్లు చెప్పి, అప్పుడు బేరాలకి పోయేది. ఒకరోజు కొంగులోంచి మడతలు పడిన కాగితాలు తీసింది. వాళ్ల ఊళ్లో పంచిన ముసాయిదా నిబంధనలు, చట్టం నకలు.

"ఇందులో ఏవుందో చెప్పండమ్మగారూ. మావోళ్లు ఒక్కొక్కళ్లు ఒక్కోరకంగా చెబుతున్నారు. ఒకడు లోన్లిస్తారంటాడు, ఇంకోడు పాయ తీసేసుకుంటారంటాడు. మాకెట్టా తెలుద్దండీ?"

పిన్నిగారు కాగితాలు తిరగేసి ఆఖరి పేజీ పట్టుకున్నారు. నేను తాళం వేసుకుంటూ అక్కడే ఉన్నాను. ఆవిడ చదవడం, ఆగడం, మళ్లీ చదవడం చూశాను.

"ఏ నీళ్లనైనా ప్రభుత్వం ఒక ప్రకటనతో తన నిర్వహణలోకి తీసుకోవచ్చు. అక్కడ ఎవరు పట్టాలి, ఏ వలతో పట్టాలి, ఎప్పుడు పట్టాలి, అన్నీ నిబంధనల్లో ఉంటాయి. ఆ నిబంధనలు సభ ముందు పెట్టాలని ఎక్కడా లేదు. ఇదిగో, ఇంకోటి. అమలులో ఏదైనా ఇబ్బంది వస్తే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి తొలగించవచ్చు."

"ఇబ్బంది తీసేస్తే మంచిదేగదండీ?"

"ఎవరికొచ్చిన ఇబ్బందో రాయలేదే. ఆ ఇబ్బంది నువ్వే కావచ్చు."

ఆమె పడీపడీ నవ్వింది. "మా ఆయన ఎప్పట్నించో అంటన్నాడండీ ఆ మాట" అంది. నవ్వాక ఆమె మొహం మారిపోయింది. పాయ మూతి దగ్గర వాళ్లకి కొయ్యలు పాతి కట్టే వల ఉంది. మామగారి నాటి నుంచీ అదే చోటు, ఊళ్లో ఎవరి చోటు ఎక్కడో అందరికీ తెలుసు, కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ చోటు పోతే ఐసుపెట్టె ఖాళీ. ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి ముప్పై రోజుల గడువు ఇచ్చారు. అందులో సగం ఆ కాగితాలు కొంగులో ఉండగానే అయిపోయింది.

నాకు తోచింది నేను చెప్పాను. ఒక అర్జీ రాయండి, ఊరంతా కింద సంతకాలు పెట్టించండి, కాపీలు నేను ఉచితంగా తీసిస్తాను అన్నాను. పిన్నిగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "అదీ బొటనవేళ్ల పద్ధతేనయ్యా. వద్దు. ఎవరి మాట వాళ్లు చెప్పాలి. ఎవరి కాగితం వాళ్లది."

ఆ రెండు వారాలూ మా అపార్టుమెంటు చూడాలి మీరు! చేపలామె వెంట ఒక్కోసారి అయిదారుగురు ఆడవాళ్లు వచ్చేవారు. పిన్నిగారి హాల్లో చాప మీద కూర్చుని చెబుతుంటే ఆవిడ రాసుకునేవారు. వాళ్లు చెప్పేది అన్నీ చట్టం సంగతులే అనుకునేరు. ఒకామె రేషను బియ్యంలో రాళ్ల గురించి మొదలెట్టింది. ఒకామె తోడికోడలి మీద అభ్యంతరం చెప్పింది. "అది ఢిల్లీకి పంపితే వాళ్లేం చెయ్యలేరమ్మా" అని పిన్నిగారు నెమ్మదిగా పాయ దగ్గరికి తీసుకొచ్చేవారు. అయిదో అంతస్తులో ఒకాయన లిఫ్టులో చేపల వాసన అని నా దగ్గర గోలపెట్టాడు. పిన్నిగారు ఆయన్నే నిలేశారు. "లిఫ్టులో వాసనలు రాకూడదని బైలాలో ఉందా? ఉంటే మీ సెంటు సంగతి కూడా చూడాలి." చెల్లెలుగారు మాత్రం రోజూ సాంబ్రాణి వెలిగించేవారు.

ఆ కాగితాలు నా మిషను మీద ఒక్కొక్కటీ పెట్టి నకలు తీశాను. పని చేస్తూ చదవడం నాకు అలవాటు లేదు. ఎన్ని వేల కాగితాలు నా చేతుల్లోంచి పోయాయో, ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఇవి చదివాను. ఏ రెండూ ఒకలా లేవు. ఒకరిది వలకన్ను సైజు గురించి, ఒకరిది పీతలు గుడ్లు పెట్టే నెలల గురించి. ఒక ముసలామె తనకు చదువు రాదని, అయితే ఏ గాలికి ఏ చేప వస్తుందో చెప్పగలనని, ఆఫీసరు తనని అడిగితే బాగుంటుందని చెప్పింది. పిన్నిగారు ఒక్క మాట మార్చకుండా రాశారు. అంతకాలం ప్రభుత్వం మాటని జనం భాషలోకి మార్చిన మనిషికి, జనం మాటని జనం భాషలోనే ప్రభుత్వానికి పంపడంలో ఎంత సరదా ఉందో ఆ చేతిరాతలో కనిపించింది. నేను ఆవిడని నిజంగా ప్రేమించడం మొదలుపెట్టింది ఆ కాగితాల దగ్గరే అనుకుంటాను. బతికుండగా ఆ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే "తీర్మానం పెట్టు" అనేవారు.

అన్ని కాగితాలు, అన్నీ వేరువేరుగా చేరేసరికి, వాటిని ఒకే జవాబుతో తోసెయ్యడం ఆఫీసువాళ్లకి కుదరలేదు. ఒక అధికారి ఆ పల్లెకే వచ్చి అందరి మాటా వింటాడని నోటీసు వచ్చింది. పిన్నిగారు చిన్నపిల్లలా సంబరపడ్డారు. తనూ వస్తానన్నారు. కారు మాట్లాడమని నాకు పురమాయించారు. విచారణ శుక్రవారం. ఆవిడ సోమవారం పొద్దున పోయారు.

నేను వెళ్లాను. ఒంటరిగా అంత దూరం కారులో కూర్చుంటే ఉయ్యూరు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి పాటలు ఆపేశాడు.

ఊళ్లో తుపాను షెల్టరు భవనంలో కూర్చోబెట్టారు. అధికారి కుర్రవాడు కాదు, పెద్దవాడూ కాదు, మర్యాదస్తుడు. ఫైలు తెరిచి, "అందరి తరఫునా ఒకరు చెబితే చాలు కదండీ?" అన్నాడు. చేపలామె లేచింది.

"లేదండి. ఎవరి మాట వాళ్లే చెప్పుకుంటారండి. అమ్మగారు అట్టాగే రాశారు."

ఆయన నిట్టూర్చి కలం తీశాడు. ఒకరి తరవాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన మొదట్లో గడియారం చూసుకున్నాడు. పీతల దగ్గరికి వచ్చేసరికి తనే ప్రశ్నలడగడం మొదలెట్టాడు. సగంమంది కూడా పూర్తికాలేదు. కిటికీ దగ్గర నిలబడ్డ మగవాళ్లలో కదలిక వచ్చింది. పోటు తగ్గుతోంది. ఆ వేళకి వలలు ఎత్తకపోతే పడిన చేప పడినట్టే పోతుంది. ఒకరొకరే లేవడం మొదలుపెట్టారు. మగవాళ్ల వెనకే చేపలు ఏరడానికి ఆడవాళ్లూ.

నేను సెక్రటరీని. కుర్చీలు ఖాళీ అయితే మినిట్సులో ఏం రాస్తారో నాకు తెలుసు. ఇంకెవరూ అభ్యంతరం చెప్పలేదు అని రాస్తారు. అక్కడితో అయిపోతుంది. లేచి, అలవాటుగా పిన్నిగారి కోసం పక్కకి చూశాను. అలాంటప్పుడు మాట్లాడే మనిషి లేదు.

గుమ్మం దగ్గర చేపలామె ఆగి వెనక్కి తిరిగింది.

"సార్, మేం పోతే మీరు అయిపోయిందని రాసేసుకుంటారా?"

ఆయన ఆమె వంక చూశాడు. ఫైలు వంక చూశాడు. తన కారు దగ్గర నిలబడి సైగ చేస్తున్న డ్రైవరు వంక చూశాడు.

"రాయనమ్మా. వలలెత్తి రండి. కూర్చుంటాను."

"రెండు గంటలు పట్టుద్దండీ."

"పట్టనివ్వండి."

ఆ నిబంధనలు చివరికి ఏమవుతాయో ఇది రాస్తున్న రోజుకి నాకు తెలియదు. ఆ చట్టమూ అలాగే ఉంది. అయినా ఆ మధ్యాహ్నం నేను చూసింది మీకు చెప్పకుండా ఉండలేను. ఊరంతా పాయలోకి పోయింది. హాల్లో ఆయనా నేనూ మిగిలాం. లోపల ఉక్కగా ఉందని ఆయన బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఫైలు ఒళ్లో పెట్టుకుని, కాగితాలు గాలికి లేవకుండా రెండు చేతులూ వాటి మీద ఆనించాడు. ఎవరో ఇచ్చిన కొబ్బరిబోండాం పక్కన ఉంది, తాగలేదు. కాసేపటికి లేచి నిలబడి, ఎండకి కళ్లు చికిలించి, పడవలు తిరిగొస్తున్నాయేమోనని పాయ వైపు చూస్తూ ఉండిపోయాడు.