సిమెంటు లేని గోడ, జిగురు లేని పుస్తకం

గాజువాకలో ముప్పయ్యేళ్ళు రిజిస్టర్లు బైండింగు చేసిన తాయారు, ఆరు నెలల కిందట జిగురును బహిష్కరించింది. ఆమె చిన్నాన్న గవర్రాజు, పద్మనాభం ఊళ్ళో పొలాల చుట్టూ సిమెంటూ మట్టీ లేకుండా, రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టినవాడు. ఆ గోడల గౌరవార్థం జిగురూ దారమూ లేని పుస్తకం చెయ్యాలని ఆమె పంతం. ఆయన కట్టిన గోడ రాళ్ళ మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది అచ్చులు తీసింది. వాటిని దళసరి అట్టలకు తొడిగి, మడతలు ఒకదాంట్లో ఒకటి దూర్చింది. ఐదు పుస్తకాలు కూలిపోయాయి. ఆరోదాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. చిన్నాన్న నిలిచిందంటేనే నిలిచినట్టు.

గవర్రాజు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"గోడైతే పైకెక్కి నడిసి సెప్తాను. దీన్నెలా ఎక్కనే? పుస్తకం, సరస్వతి."

"అందులో ఒక్క అచ్చరం లేదు సిన్నాన్నా."

"అయితే పుస్తకం కాదన్నమాట."

తాయారు ధర్మసంకటంలో పడింది. పుస్తకమైతే పరీక్ష లేదు, పరీక్ష కావాలంటే పుస్తకం కాదు.

"పుస్తకమే," అంది చివరికి. "ఎక్కు. పాపమొత్తే నాకే ఒత్తాది."

గవర్రాజు కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, నేలమీద పెట్టి ఎక్కాడు. అట్టలు కిర్రుమన్నాయి. ఒక్క మడతా జారలేదు.

దిగి, మళ్ళీ కళ్ళకద్దుకున్నాడు.

"నిలిసింది," అన్నాడు. తర్వాత ఒక పేజీ మీద వేలు పెట్టాడు. "ఈ రాయి మాత్రం నాను పెట్టింది కాదు. మా బావ పెట్టాడు. సూడు, ఏటా వొంకర?"