లెత్తేరియా ఉప్పు జాడీలు

షిరోక్కో గాలి రెండు రోజులు వీచి ఆగిందంటే, మూడో రోజు తెల్లారేసరికి మా గాంజిర్రి ఊరి సముద్రపొడ్డున లెత్తేరియా ఉంటుంది. చేతిలో చిల్లుల గిన్నె, కాళ్ళకి మొగుడి రబ్బరు బూట్లు, తల మీద చర్చికి వేసుకునే శాలువా. కాఫీ కూడా తాగదు. ఆవిడ కాఫీ తాగి వచ్చేలోపు సముద్రపు కాకులు చేపల కళ్ళు పొడుచుకు తినేస్తాయి మరి.

అవి బజారులో అమ్మే చేపలు కావు. చాలావరకు వేలెడేసి ఉంటాయి. కొన్ని నల్లగా, నోటి నిండా సూదుల్లాంటి పళ్ళు. కొన్ని వెండి రేకుని చిన్న గొడ్డలిలా కత్తిరించినట్టు పలచగా, కళ్ళు రెండూ ఆకాశం కేసి తిప్పుకుని. పొట్ట కింద వరసగా చుక్కలు. బతికి ఉన్నప్పుడు ఆ చుక్కలు దీపాలట. వీటి కాపురమంతా ఎండ దిగలేక దిగలేక అసుర సంధ్యలా మసకబారిపోయే లోతులో. రాత్రి మేతకి పైకొస్తాయి. మా జలసంధిలో నీళ్ళు ఆరేసి గంటలకి దిక్కు మార్చుకుంటాయి కదా, ఆ తోపులో ఇరుక్కుని తెల్లారేసరికి ఇసుక మీద పడతాయి. పెద్ద పెద్ద ఓడలేసుకుని, తాళ్ళకి కెమెరాలు కట్టి దింపి, చదువుకున్నవాళ్ళు వెతికే చేపల్ని మా వీధి పిల్లులు వాసన చూసి వదిలేస్తాయి.

లెత్తేరియా, నేనూ ఒకే బెంచీ మీద అయిదో తరగతి దాకా చదివాం. అక్కడితో ఇద్దరి చదువూ సరి. నేను కుట్టుపనిలో పడ్డాను, తను ఊళ్ళోని ఉప్పునీటి చెరువు గట్టున ఆల్చిప్పలు ఏరే షెడ్డులో పడింది. వాళ్ళమ్మాయికి జ్ఞానస్నానమప్పుడు ఎత్తుకున్నది నేనే. అప్పట్నించీ మేం ఒకళ్ళనొకళ్ళం వదినా అనే పిలుచుకుంటాం.

తనకీ చేపల పిచ్చి పట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఆ ఏడు ఒక ముసలి ప్రొఫెసరు ఒడ్డున నడుస్తూ, వంగి వంగి ఏరుతున్న ఈవిడని చూశాడు. ఏం చేస్తావమ్మా వీటిని అన్నాడట. చూస్తాను అందట ఈవిడ. ఆ మాట ఆయనకి నచ్చింది. డజను సీసాలు, ముక్కు పగిలే ఫార్మలిన్ తెచ్చిచ్చి, వీటిలో వేసి తారీఖు రాయండి, నెలనెలా వచ్చి తీసుకెళ్తాను అన్నాడు. రెండు నెలలు వచ్చాడు. తర్వాత రాలేదు. బదిలీ అయిందని ఒకళ్ళూ, పదవీ విరమణ అని ఒకళ్ళూ అన్నారు. సీసాలు నిండిపోయాయి. గాలి మాత్రం మళ్ళీ వీచింది.

ఇంట్లో తిన్నన్ని తిన్నాక నెత్తళ్ళు మిగిలితే మేమేం చేస్తాం? ఉప్పులో వేస్తాం. లెత్తేరియా అదే చేసింది. జాడీలో ఒక వరస ఉప్పు, ఒక వరస చేపలు, మళ్ళీ ఉప్పు, పైన చెక్క బిళ్ళ, దాని మీద బరువుకి రాయి. వరసకో చీటీ, దాని మీద తారీఖు. ఏడాదికో జాడీ. ఒక్కటే తేడా. నెత్తళ్ళకి తల తుంచి, దాంతోపాటు పేగు లాగేసి వేస్తాం. ఈవిడ తలలతోనే వేసింది. చేదెక్కిపోతాయే, ఇది కూడా తెలీదా అని నేను కోప్పడితే, ‘‘ఇవి తినడానికా వదినా? సింగారమంతా మొహంలోనే ఉంటే తల తీసేసి తోక చూడమంటావా?’’ అంది.

వాళ్ళాయన ప్లాచిదో చెరువులో పడవ నడుపుతాడు, నోరు అంతకంటే జోరుగా నడుపుతాడు. మా ఆవిడ నేలమాళిగలో పిల్లచేపల అనాథాశ్రమం పెట్టింది అని వీధంతా చెప్పేవాడు. పిల్లలు కావు, పెద్దవే, ఇంతకన్నా ఎదగవు, గుడ్లున్న వాటిని నా కళ్ళతో చూశాను అని ఈవిడ. అయితే వయసెంతో చెప్పు అని ఆయన. దానికి మాత్రం లెత్తేరియా, ఎప్పటికైనా ఎవరో ఒకరు చదువుకున్నవాళ్ళు వస్తారు, జాడీలు తీసి చూస్తారు, చెప్తారు అనేది. పంతొమ్మిదేళ్ళు ఆ మాట మీదే ఉంది.

ఈ వసంతంలో వచ్చారు. పరిశోధన ఓడ ఒకటి జలసంధిలో లంగరేసింది. అందులోంచి చేపల చదువు చదివిన ఫ్లావియా అనే డాక్టరమ్మ దిగింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, బక్కపలచని మనిషి, మాట నెమ్మది. ఆ మసక లోతులో ఇరవై ఏళ్ళలో ఏం మారిందో తేల్చాలట. లెత్తేరియా గురించి ఎవరో చెప్తే వెతుక్కుంటూ వచ్చింది. ఆ పూట లెత్తేరియా ఇల్లు కడిగి, నిమ్మతొక్కల బిస్కెట్లు చేసి, నన్ను కూడా కూచోమంది. కూచోమనకపోయినా కూచునేదాన్నే.

లెత్తేరియా మొదటి జాడీ మూత తీసింది. డాక్టరమ్మ చూసింది. మొహం వాడిపోయింది. రాయి బరువుకి చేపలు అట్టల్లా అణిగిపోయాయి. రంగు లేదు, పొట్ట కింద దీపాల జాడ లేదు. చేపలో నీరంతా ఉప్పు పీల్చేస్తే కొలతలు తప్పిపోతాయనీ, రాసుకోడానికి పనికిరాదనీ, కష్టం మాత్రం చాలా గొప్పదనీ ఆ పిల్ల ఎంతో మర్యాదగానే చెప్పింది. బిస్కెట్టు తీసుకుంది గానీ కొరకలేదు.

వారం తిరక్కుండా మళ్ళీ షిరోక్కో వీచి ఆగింది. తెల్లారి నేను కిటికీ తీస్తే ఒడ్డున ఎవరూ లేరు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. వెళ్ళి తలుపు కొట్టాను. లోపల ప్లాచిదో తల దించుకుని కాఫీ కలుపుతున్నాడు, వేళాకోళం లేదు. ఆదివారం జాడీలన్నీ సముద్రంలో పారబోయమని చెప్పిందట. పారబోయడం నాకిష్టం లేదు స్టెల్లా, దానికి నువ్వు చెప్పు అన్నాడు.

దానికి చెప్పి లాభం లేదని నాకు తెలుసు. పడవ మీద ఓడ దగ్గరికే పోయాను. డాక్టరమ్మ పని వదిలి వచ్చి ఒక కుర్చీ వేసింది. తల్లీ, నాకేం తెలీదు, అడుగుతాను చెప్పు అన్నాను. ఆ దీపాలు దారి చూసుకోడానికా? కాదట. దాక్కోడానికట. కింద నుంచి చూసేవాడికి పైన వెలుతుర్లో చేప నీడ నల్లగా కనబడుతుంది కదా, పొట్ట కింద అంతే మసక వెలుగు వెలిగిస్తే ఆ నీడ చెరిగిపోతుందట. దీపం పెట్టుకుని కనబడకుండా పోవడం నా బుర్రకి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. సరే, చచ్చిన చేపలో నీకు కావలసినవేంటి అన్నాను. కొలత, రంగు, కండ, చెవిరాయి అంది.

‘‘చెవిరాయంటే? ఒంబ్రీనా చేప తలలో తెల్లగా ఉంటుంది, అదా? మా అమ్మ కడుపునొప్పికని పర్సులో దాచుకునేది.’’

‘‘అదేనమ్మా. వీటికి రవ్వగింజంతే ఉంటుంది. దాన్ని అరగదీసి చూస్తే ఉల్లిపాయలో పొరల్లా రోజుకో గీత. వయసు దాన్నిబట్టే తెలుస్తుంది.’’

‘‘అప్పట్లో ఆ ముసలి ప్రొఫెసరుగారు పట్టుకెళ్ళిన సీసాల్లో ఉన్నాయిగా మరి?’’

లేవట. ఫార్మలిన్ ఏళ్ళ తరబడి నిలవుండి పులిసి, చెవిరాళ్ళని కరిగించేసిందట. అప్పటి చేపల్లో ఒక్కదానికీ వయసు తెలీదట.

నలభై ఏళ్ళుగా ఉప్పు నెత్తళ్ళు తింటున్నదాన్ని. ‘‘తల్లీ, ఉప్పు ఎముకని తినదు. తింటే మా గొంతుల్లో ముళ్ళు గుచ్చుకోవు. మా లెత్తేరియా తలలు తియ్యకుండా వేసిందమ్మా.’’

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, లేచి సంచి సర్దుకుంది.

లెత్తేరియా తలుపు దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. ప్లాచిదో జాడీ ఎత్తుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. పంతొమ్మిదేళ్ళ కిందటిది, అట్టడుగు వరస. డాక్టరమ్మ సూదుల్తో ఒక తల విప్పి భూతద్దం పెట్టింది. ఏమీ లేదు. రెండోది విప్పింది. ఉప్పు పలుకులే. అది ఉప్పో రాయో తేలక నీటిచుక్క వేసింది, కరిగిపోయింది. ‘‘చాల్లే అమ్మాయ్’’ అంది లెత్తేరియా. మూడో తలలో చుక్క వేసినా కరగనిది ఒకటి మిగిలింది. దాని పక్కనే ఇంకొకటి. డాక్టరమ్మ సూదిమొనతో వాటిని గాజుపలక మీదికి తోసింది.

పది రోజులు పట్టింది లెక్కపెట్టడానికి. తిరిగొచ్చి, అమ్మా, ఈ చేపకి మూడువందల తొంభై రోజులు, అటూ ఇటూ ఒక పదో పదిహేనో, పిల్ల కాదు, ఈడొచ్చినదే అంది. లెత్తేరియా ప్లాచిదో వైపు చూడనైనా చూడలేదు. చూడాల్సిన పని లేదు, ఆయన అప్పటికే వీధిలోకి జారుకున్నాడు.

జాడీలన్నీ ఓడెక్కలేదు. సగానికి సగం తలల్లో రాళ్ళు దొరకలేదట, నాలుగు జాడీల్లో చీటీల మీద రాత ఉప్పుకి చెరిగిపోయింది. మిగతావాటికి విశ్వవిద్యాలయం వాళ్ళు అంకెలేశారు, అంకె పక్కన లెత్తేరియా పేరేశారు.

మొన్న గాలి ఆగిన తెల్లారి ఇద్దరూ ఒడ్డున కనబడ్డారు. డాక్టరమ్మ దగ్గర చెవిరాళ్ళని కరిగించని స్పిరిట్ సీసాలు, లెత్తేరియా దగ్గర ఉప్పు డబ్బా. నీకు రెండు, నాకు రెండు అని పంచుకుంటూ వస్తున్నారు. కొసకొచ్చేసరికి జానెడు పొడుగు, కోరల నల్ల చేప ఒక్కటే మిగిలింది. ఇద్దరి చేతులూ దాని మీద పడ్డాయి. నేను గట్టు మీంచి చూస్తూనే ఉన్నాను, ఎవరు వదుల్తారా అని.

‘‘నీ సీసాలోనే వేసుకో’’ అంది లెత్తేరియా. ‘‘కానీ అమ్మాయ్, దీన్లో ఏం కనిపించినా నువ్వే వచ్చి మా వంటింట్లో కూచుని చెప్పాలి. పంతొమ్మిదేళ్ళు ఆగే ఓపిక ఇక నాకు లేదు.’’

గురువారం వస్తానంది డాక్టరమ్మ. ఇవాళ బుధవారం. అడగాల్సినవి నావి కూడా ఓ నాలుగున్నాయి.