డాక్టరుగారి చెంచా

మా మేనత్త డాక్టరు. ఆవిడ తండ్రి, అంటే మా తాతయ్య, డాక్టరు. ఆయన తండ్రీ డాక్టరే. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. మందు కలిపాక, రోగి కళ్లెదుట డాక్టరు ముందుగా ఒక చెంచా తాగాలి. తర్వాతే రోగి. దగ్గు మందైతే ఫరవాలేదు. విరేచనం కావడానికి ఇచ్చే మందుతోనే చిక్కు. తాతయ్య నలుగురికి ఆ మందిచ్చిన రోజు, ఐదోవాడు ఆయన పెరట్లోంచి ఎప్పుడొస్తారా అని వరండాలో కాచుకుని కూర్చునేవాడు.

"కన్నతల్లి కూడా ఇంత ప్రేమగా చూడదు" అని ఊరు మురిసిపోయేది. తాతయ్య అంతకన్నా మురిసిపోయేవారు.

మేనత్త చదువు ముగించుకొచ్చి తాతయ్య వైద్యం చేసే కుర్చీలో కూర్చోగానే ఆయన వెండి చెంచా చేతికిచ్చారు. నానా మందులూ మింగి మింగి, సాయంత్రానికి కూరలో ఉప్పుందో లేదో కూడా ఆవిడకి తెలిసేది కాదు. విసిగిపోయి ఒకరోజు వాళ్ల నానమ్మని పట్టుకుంది.

"ఈ మాయదారి పద్ధతి ఎవరు పెట్టారే నానమ్మా?"

"ఇంకెవరు, దొర" అంది ముసలావిడ తాపీగా. "మీ తాత మొదటిసారి జ్వరం మందు పట్టుకెళ్తే, నల్లవాడి చేతి మందు నమ్మేదెలా, ముందు నువ్వు తాగు అన్నాట్ట. పక్కన తుపాకీతో సిపాయి. తాగక చస్తాడా? ఆ సంగతి బయటికి చెప్పుకుంటే పరువు తక్కువ. అందుకని అందరి దగ్గరా తాగి, ప్రేమ అనిపించుకున్నాడు. మీ నాన్నక్కూడా చెప్పనివ్వలేదు."

మేనత్తకి కోపం నషాళానికంటింది. దొరలు ఓడెక్కి ఏళ్లు గడిచాయి. వాళ్ల అనుమానం మాత్రం మా ఇంట్లోనే కాపురం ఉంది. మర్నాడే చెంచాని బీరువాలో పడేసి తాళం వేసింది.

"తమరు తాగలేదేం అమ్మా?" అన్నాడు మొదటి రోగి.

"జ్వరం నీకా, నాకా?"

ఆ మాట ఊరంతా పాకింది. ఆవిడ మందు మీద ఆవిడకే నమ్మకం లేదట అన్నారు. వారం తిరక్కుండా మేనత్త ఈగలు తోలుకుంటోంది.

"ఈ నెల చూస్తా. రోగులు రాకపోతే కుర్చీ దిగు, నేనే కూర్చుంటా" అన్నారు తాతయ్య. మేనత్తకి ఏడుపొచ్చింది. చిన్నప్పట్నుంచీ ఆవిడ కోరుకున్నది ఆ కుర్చీ ఒక్కటే. అయినా బీరువా తాళం తియ్యలేదు. తండ్రీకూతుళ్లిద్దరికీ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

అంతలో తాతయ్యకే చలిజ్వరం వచ్చింది. మేనత్త మందు కలిపి గ్లాసు అందించింది. ఆయన అలవాటు కొద్దీ దాన్ని తిరిగి ఆవిడ చేతికే ఇవ్వబోయారు.

"ముందు నువ్వు."

"నేను విషం కలిపానని అనుమానమా నాన్నా?"

"ఛ! అవేం మాటలే?"

"మీ నాన్నగారిని దొర అనుమానించాడు. అందుకే తాగించాడు. కావాలంటే నానమ్మని అడగండి."

తాతయ్య గుమ్మం దగ్గరున్న తల్లి వైపు చూశారు. ఆవిడ తల దించుకుంది. ఆయన గ్లాసెత్తి గటగటా తాగేశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మందు చేదు అన్నారు.

జ్వరం తగ్గాక ఆయన వచ్చి వరండాలో రోగుల బెంచీ మీద కూర్చున్నారు. పెద్దాయన కూతురి మందు తాగి లేచాడని తెలిసి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అందులో ఒకడు సీసా తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"అమ్మగారు ఎటూ తాగరు. తమరైనా ఒక చెంచా..."

తాతయ్య వాణ్ని ఎగాదిగా చూశారు.

"జ్వరం నీకా, నాకా?"

లోపల మేనత్త కుర్చీ ముందుకి జరుపుకుని, తర్వాతి రోగిని పిలిచింది.